20 నిజాల తర్వాత ఒక్క అబద్ధం చెప్తే నమ్మకం స్కోరు ఎందుకు పడట్లేదు?

ఎంటెక్_ఆఖరి_సెమ్ అడిగారు:

అందరికీ నమస్తే. ప్రాజెక్టు కోసం పైథాన్‌లో చిన్న సిమ్యులేషన్ రాస్తున్నా. మాది గుంటూరు పక్కనే కాబట్టి మిర్చి యార్డు సీను పెట్టుకున్నా. ఒక రైతు ఏజెంటు, ఒక కొనే ఏజెంటు (ఏజెంటు అంటే ఇక్కడ ప్రోగ్రాములో పాత్ర, దళారీ కాదు). రైతు దగ్గర 60 టిక్కీల (బస్తాల) తేజ రకం కాయ ఉంది. కొనేవాడు మచ్చు చూసి మాట్లాడతాడు: తేమ ఎక్కువుంది, తాలు (రంగు పోయిన కాయ) కలిసింది, నిన్న రేటు ఇంత పలికింది, డబ్బు వారంలో ఇస్తా... ఇలా. మాట మాటకీ రైతుకి వాడి మీద నమ్మకం ఎలా పెరుగుతుంది, ఎలా తగ్గుతుంది అన్నది చూపించాలి.

నేను వాడింది మామూలు బీటా మోడల్. ఆల్ఫా 1, బీటా 1 తో మొదలు. నిజం చెప్తే ఆల్ఫాకి 1 కలుపుతా, అబద్ధం చెప్తే బీటాకి 1. ఆల్ఫాని రెండింటి మొత్తంతో భాగిస్తే నమ్మకం.

చిక్కు ఎక్కడంటే, వరసగా 20 నిజాలు చెప్పాక స్కోరు 0.95 కి చేరుతుంది. అప్పుడు రేటు విషయంలో పచ్చి అబద్ధం చెప్పి దొరికినా 0.91 దగ్గరే ఆగుతోంది! నిజం రైతైతే టిక్కీలు ఎత్తుకుని పక్క కొట్టుకి పోడా? ఇంకొకటి. అప్పటికప్పుడు నిజమో కాదో తేలని మాటల్ని ముందు మాటలతో తేడా లేకపోతే నిజం కిందే లెక్కేస్తున్నా. దాంతో ఊరికే తియ్యగా మాట్లాడేవాడు ఒక్క రూపాయి ఇవ్వకుండానే 0.9 దాటేస్తున్నాడు.

బీటా మోడలే ఈ పనికి పనికిరాదా, నేను వాడే పద్ధతిలో తేడా ఉందా? వచ్చే వారం రివ్యూ ఉంది, కాస్త టెన్షన్‌గా ఉంది.

---

లాంబ్డా_లక్ష్మణ్:

మర్చిపోయే గుణకం పెట్టు, సరిపోతుంది. యోసాంగ్, ఇస్మాయిల్ 2002లో రాసిన బీటా రెప్యుటేషన్ పేపర్లోనే ఉంది అది. ప్రతి కొత్త మాటకి ముందు పాత లెక్కల్ని 0.8 తో గుణించు. అప్పుడు నీ 20 నిజాలు 20 గా ఉండవు, దాదాపు 5 కి కుదించుకుపోతాయి. ఒక్క అబద్ధానికి స్కోరు 0.86 నుంచి 0.71 కి పడుతుంది. రెండు లైన్ల కోడు. రివ్యూకి ఇది చాలు.

---

గుమాస్తాగారమ్మాయి:

లక్ష్మణ్ గారూ, పడటం వరకూ బాగానే పడుతుంది. ఆ తర్వాత ఐదు మంచి మాటలు చెప్పించి చూడండి. మళ్ళీ 0.81 కి ఎక్కి కూర్చుంటుంది. అంటే మీ రైతు మోసాన్ని ఎంత త్వరగా గమనిస్తాడో అంత త్వరగా మర్చిపోతాడు. మా వైపు రైతులు అలా ఉండరు. ఏ సంవత్సరం, ఏ కొట్టులో, ఎన్ని కేజీలు తరుగు తీశారో తాతల కాలం నుంచి చెప్తారు.

తమ్ముడూ, మా నాన్న యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. ఎండాకాలం సెలవుల్లో నేనూ వెళ్ళి పట్టీలు (రైతుకిచ్చే లెక్క చీటీలు) రాసేదాన్ని. ఈ-నామ్ (ఆన్‌లైన్ వేలం) రాకముందు రోజుల సంగతి. ఇప్పుడు కాల్ సెంటర్లకి మాట్లాడే బాట్లు చేస్తుంటాను. అందుకే నీ ప్రశ్న చూసి ఆగలేకపోయా. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఒకటి గమనించు. నీ మోడల్లో ప్రతి మాటకీ ఒకటే బరువు. "బాగున్నావా పెద్దాయనా, మీ ఊళ్ళో వాన పడిందా" అన్నా ఆల్ఫాకి 1. "కాయ బాగుంది, ఇవాళ అమ్మకు, రెండ్రోజులు ఆగు" అన్నా ఆల్ఫాకి 1. మొదటి మాట దొరా అంటాడు, దొంగా అంటాడు. రెండోది దొంగ నోటి వెంట అంత తేలిగ్గా రాదు. నువ్వు లెక్కెయ్యాల్సింది మాట నిజమా కాదా అని కాదు, ఆ మాట నిజాయితీపరుడు అనే అవకాశం ఎంత, మోసగాడు అనే అవకాశం ఎంత అని. ఆ రెంటి నిష్పత్తే ఆ మాట బరువు.

అంకెలు ఊహించి చెప్తా, నీ సీనుకి తగ్గట్టు మార్చుకో. మొదట్లో సగం సగం నమ్మకం. "తాలు ఉంది, రేటు తగ్గించాలి" అన్న మాట నిజాయితీపరుడు వందలో 40 సార్లు అంటాడు (నిజంగా తాలు ఉన్నప్పుడు), మోసగాడు 80 సార్లు అంటాడు. ఆ మాట వినగానే నమ్మకం 50 నుంచి 33 శాతానికి వస్తుంది. చూశావా, అది అబద్ధమని తేలలేదు, అయినా తగ్గింది. తర్వాత వాడే "ఇవాళ అమ్మకు, ఆగు" అన్నాడు. మొదటివాడు వందలో 30 సార్లు అనే మాట, రెండోవాడు 5 సార్లు. నమ్మకం 33 నుంచి 75 కి లేస్తుంది. ఆపైన రేటు దగ్గర అబద్ధం దొరికింది. నిజాయితీపరుడు కూడా పొరపాటున తప్పు రేటు చెప్పొచ్చు, వందలో 2 సార్లు అనుకో. మోసగాడు 30 సార్లు. 75 కాస్తా 17 దగ్గరికి పడిపోతుంది. కుశల ప్రశ్నలకి రెండు వైపులా ఒకటే అవకాశం కాబట్టి, ఎన్ని అడిగినా సూది కదలదు. నీ రెండు చిక్కులూ ఈ ఒక్క మార్పుతో పోతాయి.

అయితే ఇందులోనూ ఒక లొసుగుంది. బరువున్న మంచి మాటలు ఇరవై వరసగా వస్తే నమ్మకం 99.9 దాటేసి, మళ్ళీ ఒక్క అబద్ధానికి చలించదు. ఎందుకంటే మనిషి మొదట్నుంచీ చివరిదాకా ఒకేలా ఉంటాడని ఈ లెక్క అనుకుంటుంది. ఉండడుగా! సీజనంతా చక్కగా ఉన్నవాడు ఆఖరి లాటు దగ్గర చెయ్యి చూపిస్తాడు. కాబట్టి ప్రతి మాటకీ ముందు "ఈసరికి వీడి బుద్ధి ఎటైనా మారి ఉండొచ్చు" అని 3 శాతం పక్కన పెట్టు. అప్పుడు నమ్మకం ఎంత పెరిగినా తర్వాతి మాట వినే ముందు 97 దాటదు. అక్కడి నుంచి ఒక అబద్ధానికి 68, రెండోదానికి 12 దగ్గరికి వస్తుంది. మొదటిసారికి "పొరపాటేమోలే" అనుకుని, రెండోసారికి లేచి పోవడం. అసలు రైతు చేసేదీ అదే. ఆ 3 శాతం కూడా స్థిరంగా ఉంచకు. బేరం పెద్దదయ్యే కొద్దీ, సీజను ఆఖరికొచ్చే కొద్దీ పెంచు.

ఇక నీ సీనులో పూర్తిగా లేనిది ఒకటి చెప్తా. నీ రైతు వింటున్నాడు, అంతే. అడగట్లేదు. కొట్టు ముందు ఏం జరిగేదో చూడు. కొనేవాడు టిక్కీలో మోచెయ్యి దాకా పెట్టి మధ్యలోంచి గుప్పెడు కాయ లాగుతాడు. చెవి దగ్గర ఆడించి గింజ గలగలలాడుతుందో లేదో వింటాడు, ఒక కాయ విరిచి చూస్తాడు. రైతు కాయ వంక చూడడు, వాడి మొహం వంక చూస్తాడు. అప్పుడు మెల్లిగా, ఏమీ ఎరగనట్టు, "నిన్న పక్క వరసలో తేజ ఎంతకి పోయిందండీ?" అంటాడు. ఆ రేటు పొద్దున్నే టీ బంకు దగ్గర తెలుసుకునే వచ్చాడు! తెలిసిన సంగతినే అడుగుతున్నాడు. జవాబు సరిగ్గా వస్తే తర్వాత తనకి తెలియని వాటి గురించి అడుగుతాడు, తేడాగా వస్తే ఇంకేమీ అడగడు, "టీ తాగొస్తా" అని లేస్తాడు.

నీ ఏజెంటుకి ఈ పని ఇవ్వు. జవాబు ముందే తెలిసిన ప్రశ్న అడగడం. సరుకు తూచే దాకా, డబ్బు చేతికొచ్చే దాకా ఆగక్కర్లేకుండా, సంభాషణ మధ్యలోనే తేలే సాక్ష్యం అది ఒక్కటే. ఇది లేకుండా సంభాషణ పెట్టినా నీ మోడల్ పాత లావాదేవీల లెక్కే అవుతుంది.

ఇంకా రెండు మాటలు, త్వరగా. నమ్మకం మొత్తానికి ఒకే అంకె పెట్టకు. కాటా దగ్గర నమ్మకం వేరు, తేమ అంచనా దగ్గర వేరు, డబ్బు వాయిదా దగ్గర వేరు. మా నాన్న పనిచేసిన కొట్టులో ఒక వ్యాపారి ఉండేవాడు, కాటా దగ్గర గ్రాము తేడా రానివ్వడు, డబ్బు మాత్రం మూడు వాయిదాలు తిప్పితే గానీ ఇవ్వడు. అందరికీ తెలుసు, అయినా అందరూ అమ్మేవాళ్ళు. వాడికి ఒక్క అంకె ఎంతని వేస్తావు?

రెండోది, నింద పడ్డాక వాడు ఏమంటాడన్నది. కిమ్, ఫెరిన్, కూపర్, డర్క్స్ 2004లో చేసిన ప్రయోగాల్లో తేలింది ఏంటంటే, చేతకాక జరిగిన తప్పుకి క్షమాపణ బాగా పనిచేస్తుంది. నిజాయితీ మీద నింద పడినప్పుడు క్షమాపణ కంటే, కాదనడమే ఎక్కువ నమ్మకం నిలబెడుతుంది. క్షమించమంటే ఒప్పేసుకున్నట్టేగా మరి. "తేమ అంచనా తప్పింది, ఏమనుకోకు" అంటే రైతు సర్దుకుంటాడు. "కాటాలో రెండు కేజీలు నొక్కాను, ఏమనుకోకు" అంటే సర్దుకుంటాడా? నీ గైడు సైకాలజీ కావాలంటే ఇది పెట్టు.

---

లాంబ్డా_లక్ష్మణ్:

అమ్మాయి గారూ, మీ 40, 80, 30, 5 ఎక్కడి నుంచి వచ్చాయి? నాది ఒక్క గుణకం, మీవి అరడజను. రివ్యూలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మొదట అడిగేది అదే.

---

గుమాస్తాగారమ్మాయి:

ఊహించాననే చెప్పాగా. కానీ సిమ్యులేషన్లో అవి తమ్ముడి చేతిలోనే ఉన్నాయి. కొనే ఏజెంటుని రాసింది వాడే కదా! నిజాయితీ ఏజెంటునీ, లాభం వస్తే అబద్ధమాడే ఏజెంటునీ వెయ్యేసి బేరాలు ఆడించి, ఏ రకం మాట ఎవరు ఎన్నిసార్లు అన్నారో లెక్కబెడితే అంకెలు వచ్చేస్తాయి. మీ 0.8 ఎక్కడి నుంచి వచ్చిందో మీరూ చెప్పండి మరి.

---

రాత్రిపూట_చదువరి:

అంకెల గొడవకి నిజం మనుషుల డేటా ఒకటుంది, చూడండి. డిప్లొమసీ అని బోర్డు ఆట. ఏడుగురు ఆడతారు, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందటి యూరప్ మ్యాపు. ఒకరితో ఒకరు విడివిడిగా మాట్లాడుకుని, తర్వాత అందరూ ఒకేసారి ఎత్తులు వేస్తారు. ఇచ్చిన మాటకి కట్టుబడాలన్న రూలేమీ లేదు. 2020లో పెస్కొవ్ బృందం ఈ ఆటలోని 17,289 మెసేజిల డేటాసెట్ ఇచ్చింది. పంపినవాళ్ళు "ఇది అబద్ధం" అని వాళ్ళకై వాళ్ళే గుర్తు పెట్టారు, అందుకున్నవాళ్ళు "ఇది అబద్ధమనుకుంటున్నా" అని వేరేగా పెట్టారు. అంటే మాట అసలు స్వభావం, వినేవాడి నమ్మకం రెండూ పక్కపక్కనే ఉన్నాయి. అబద్ధాలు మొత్తంలో 5 శాతం కూడా లేవు. మోసంతోనే గెలిచే ఆటలో కూడా!

దీన్నిబట్టి ఎంటెక్ గారికి ఒక సంగతి. మీ మోసగాడు మాటకో అబద్ధం ఆడుతుంటే వాణ్ణి పట్టుకోవడం పెద్ద విద్య కాదు. నూటికి తొంభై అయిదు నిజాలు చెప్పి, అసలు చోట ఒక్కటి దొర్లించేవాణ్ణి రాయండి, అప్పుడు మోడల్ సత్తా తెలుస్తుంది.

అదే ఆట మీద అంతకుముందు 2015లో నికులే బృందం చేసిన పని కూడా ఉంది. వెన్నుపోటుకి ముందు సంభాషణలో మర్యాద, సానుకూల ధోరణి, రేపటి ప్లాన్ల ప్రస్తావన... ఈ విషయాల్లో ఇద్దరి మధ్య ఉన్న తూకం హఠాత్తుగా మారుతుందని చూపించారు. గమనించండి, ఎవరో ఒకరి మాటల్లో మర్యాద ఎంతుందన్నది కాదు. ఇద్దరి మధ్య తేడా ఎలా కదిలిందన్నది. మీ మోడల్ ఒక్క కొనేవాడి మాటల్నే చూస్తోంది, రైతు తిరిగి ఏమంటున్నాడో కూడా లెక్కలోకి రావాలి.

ఇంకో మాట. ఏజెంట్లని ఎల్ఎల్ఎమ్‌తో (చాట్‌జీపీటీ లాంటి భాషా మోడల్‌తో) నడిపిస్తున్నారా? అయితే ప్రతి మాట తర్వాత "నమ్మకం ఎంత, 10 కి చెప్పు" అని దాన్నే అడక్కండి. అది 7 అనో 8 అనో అంటుంది, ఏ బేరానికైనా. చేతల్లో కొలవండి. 1995లో బెర్గ్, డిక్‌హాట్, మెకేబ్ చేసిన ట్రస్ట్ గేమ్ ఉందిగా: ఒకరికి 10 డాలర్లు ఇస్తారు, అందులో ఎంత పంపితే అవతలివాడికి దానికి మూడింతలు చేరుతుంది, వాడు తిరిగి ఎంత ఇస్తాడో వాడిష్టం. ఎంత పంపాడన్నదే నమ్మకం. మీ సీనులో అయితే, డబ్బు చేతికి రాకుండా రైతు ఎన్ని టిక్కీలు వాడి దగ్గర వదిలి వెళ్ళడానికి ఒప్పుకుంటాడో చూడండి.

---

ఎంటెక్_ఆఖరి_సెమ్:

అందరికీ చాలా థాంక్స్. అక్కా, మీరు చెప్పినట్టు నిష్పత్తులూ, బుద్ధి మారే అవకాశమూ పెట్టేశా. తియ్యటి మాటలవాడు ఇప్పుడు 50 దగ్గరే కూర్చున్నాడు, కదలట్లేదు. తెలిసిన ప్రశ్న అడగడం కూడా పెట్టా, కానీ రైతు ఏజెంటు మరీ అతిగా అడుగుతోంది. ఎనిమిది ప్రశ్నలు తెలిసినవే అడిగి అసలు బేరమే ఆడట్లేదు. దీన్ని ఎలా ఆపాలి?

చదువరి గారూ, టిక్కీల కొలత పెట్టి చూశా. విచిత్రమేంటంటే నమ్మకం 12 కి పడిన రైతు కూడా 60 టిక్కీలూ అక్కడే దింపేస్తున్నాడు. నా సీనులో కొనేవాడు రైతుకి జూన్‌లో విత్తనానికీ, మందులకీ అడ్వాన్సు ఇచ్చి ఉంటాడు. వడ్డీతో సహా ఈ సరుకులోంచే తీరాలి. బయట అలాగే ఉంటుంది కదా అని పెట్టా.

---

గుమాస్తాగారమ్మాయి:

అయ్యో, అడ్వాన్సు సంగతి ముందే చెప్పొద్దూ! అది చిన్న వివరం కాదు. అక్కడ సరుకు దింపడం నమ్మకం వల్ల కాదు, అప్పు వల్ల. చదువరి గారి కొలత రెండు కొట్ల మధ్య ఎంచుకునే వీలున్న రైతుకే పనికొస్తుంది. ట్రస్ట్ గేమ్‌లో మొత్తం 10 డాలర్లూ తన దగ్గరే ఉంచుకునే హక్కు ఆటగాడికి ఉంది కదా, నీ రైతుకి ఆ హక్కేదీ?

కాబట్టి రెండు రకాల రైతుల్ని నడుపు, అడ్వాన్సు తీసుకున్నవాణ్ణీ తీసుకోనివాణ్ణీ. అప్పున్నవాడి దగ్గర టిక్కీలు లెక్కపెట్టకు, వేరే చోట చూడు. కాటా వేసేటప్పుడు పక్కనే నిలబడతాడా, నీడన కూర్చుంటాడా? పట్టీ మీద అంకె మళ్ళీ కూడి చూసుకుంటాడా, మడిచి జేబులో పెట్టుకుంటాడా? మా నాన్న చెయ్యి రాసిన పట్టీని కొందరు రైతులు చూడకుండా పెట్టుకునేవాళ్ళు, కొందరు అక్కడే నేల మీద పుల్లతో లెక్కేసేవాళ్ళు. ఇద్దరూ అప్పున్నవాళ్ళే, సరుకు దింపేదీ ఆ కొట్టులోనే. తనిఖీకి ఎంత సమయం పెడుతున్నాడన్నది నీ ఏజెంటులోనూ కొలవొచ్చు.

ప్రశ్నలు ఆపడానికి, ప్రతి ప్రశ్నకీ ఖరీదు పెట్టు. రెండు రకాల ఖరీదు. ఒకటి పొద్దు, మధ్యాహ్నం దాటితే కొనేవాళ్ళు పల్చబడతారు. రెండోది, అడిగే కొద్దీ అవతలివాడికి "వీడు నన్ను పరీక్షిస్తున్నాడు" అని తెలిసిపోతుంది, వాడికి రైతు మీద నమ్మకం తగ్గుతుంది. ఆ రెండో ఖరీదు రావాలంటే కొనే ఏజెంటు తలలో కూడా ఇదే నమ్మకం లెక్క నడవాలి. ఇప్పుడు నడుస్తోందా?

---

ఎంటెక్_ఆఖరి_సెమ్:

లేదక్కా. వాడికి రైతు మీద నమ్మకం 1 అని ఫిక్స్ చేసి వదిలేశా.

---

గుమాస్తాగారమ్మాయి:

అదీ సంగతి. రైతు కూడా తడి సరుకు మీద ఎండు కాయ పరిచి తెస్తాడు తమ్ముడూ. కొనేవాడు మోచెయ్యి దాకా టిక్కీలో పెట్టేది అందుకే. రెండు వైపులా పెట్టి మళ్ళీ నడిపి, గ్రాఫు ఇక్కడ పెట్టు.

---

లాంబ్డా_లక్ష్మణ్:

రెండు వైపులా పెడితే గుణకాలు డజను అవుతాయి. నేను చెప్పాల్సింది చెప్పా. రివ్యూలో అడిగినప్పుడు ఆ వెయ్యి బేరాల లెక్క టేబుల్ చేతిలో ఉంచుకో.